ఐసు పెద్దగారి మందారం

మొన్నామధ్య తాడేపల్లిగూడెంలో మా సంఘస్తుల కొత్తింటి ప్రార్థనకు వెళ్లాం. అపార్టుమెంటులో మూడో అంతస్తు. హాల్లో, బాల్కనీ తలుపు పక్కన, తెల్లటి కుండీలో ఒక మందార మొక్క ఉంది. పాట, వాక్యం, ప్రార్థన అయ్యి ఉప్మా ప్లేట్లు చేతికి వస్తుండగా ఆ ఇంటావిడ నా పక్కన చేరింది.

“చూడండి అమ్మగారూ, చెట్టు నిండా మొగ్గలేస్తుంది. రంగు కనబడే వేళకి ఒక్కటీ ఉండదు, అన్నీ రాలిపోతాయి. నేనేం పాపం చేశానో!”

“పాపాల సంగతి తర్వాత చూద్దాంలే. పైన ఆ ఫ్యాను రోజంతా తిరుగుతుందా?” అన్నాను.

అనేసి, స్పూను నోటిదాకా వెళ్లకుండానే ఆగిపోయాను. ఆ మాట నాది కాదు. ఆ విసురు కూడా నాది కాదు. కైకలూరులో మావారు కాపరిగా పనిచేసిన సంఘంలో ఒక పెద్ద ఉండేవారు. ఆయన ప్రభువునందు నిద్రించి ఏడాది దాటింది. ఆయన మాట నా నోట అంత సిద్ధంగా ఉందని ఆ నిమిషం దాకా నాకే తెలీదు. ఇంటికొచ్చాక ఆయన గురించి రాయాలనిపించింది.

ఊళ్లో అందరూ ఆయన్ని ఐసు పెద్దగారనేవారు. ఐసు ఆయన వ్యాపారం, పెద్దరికం సంఘం ఇచ్చింది. చేపల మేత దుకాణాల వరసలో ఆయన కొట్టు. లోపల ఊక కప్పిన ఐసు దిమ్మలు, గుమ్మంలో వాటిని నలగ్గొట్టే మిషను. చేపల లారీలు బయల్దేరే వేళ ఆ మిషను చప్పుడుని దాటుకుని ఆయన గొంతు రోడ్డు మీదికి వినబడేది. ఆదివారం నాడు ఆ గొంతే చర్చిలోకి వచ్చేది. అక్కడ మిషను లేదన్న సంగతి ఆయనకు గుర్తుండేది కాదు.

పొడగరి, వెడల్పాటి భుజాలు, మోచేతుల దగ్గర ఎప్పుడూ తడిసి ఉండే తెల్లచొక్కా. ఎంత మండుటెండలోనైనా చేతులు చల్లగా ఉండేవి. ఆశీర్వదిస్తూ తలమీద చెయ్యి పెడితే చిన్నపిల్లలు మెడ ముడుచుకుని కిలకిల నవ్వేవాళ్లు. ప్రార్థన చేస్తే, దేవుడు అవతల ఫోను పట్టుకుని ఉన్నట్టే చేసేవారు. “తండ్రీ, ఆ సంగతి నిన్ననే చెప్పాను. మళ్లీ మళ్లీ చెప్పి నిన్ను విసిగించను” అని అంతటితో ఆమెన్ అనేసేవారు.

“ఏమో” అనడం ఆయనకు రాదు. వాన వస్తుందా అంటే వస్తుంది, లేకపోతే రాదు. చెప్పింది తప్పిపోతే, “నేను సరిగ్గానే చెప్పానండీ, వాన మాట తప్పింది” అనేవారు.

మా సంఘంలో ఒక పాత కట్టుబాటు ఉండేది. స్త్రీలు తలలో పూలు పెట్టుకోరు. మిషనరీ దొరలనాడు వచ్చిందో, మధ్యలో ఏ ఉజ్జీవ కూటాల్లో వచ్చి చేరిందో చెప్పగలిగినవాళ్లు లేరు. పక్క సంఘాల్లో పెట్టుకునేవారున్నారు, వాళ్లని మేం తప్పుపట్టలేదు. మాకు మాత్రం అది మేమందరం కలిసి మోసే కాడి. సండేస్కూల్లో ఆ పాఠం చెప్పేదాన్ని నేనే. స్త్రీకి అలంకారం లోపలిది, సాధువైన మనసు కంటె మించిన నగ లేదు. ఆ మాట అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

ఆ కట్టుబాటుకి కావలి ఐసు పెద్దగారు. ఆరాధనకు ముందు చర్చి మెట్లమీద నిలబడేవారు. ఏ చుట్టపు పిల్లయినా మల్లెపూలతో వస్తే కోప్పడేవారు కాదు. అరచెయ్యి చాపేవారు, అంతే. ఆ పిల్ల దండ తీసి చేతిలో పెట్టేది. దాన్ని కిటికీలో తడిరుమాలు కింద దాచి, ఆరాధన అయ్యాక, “ఇదిగోనమ్మా నీ సామాను” అని తిరిగిచ్చేసేవారు.

ఒకసారి ఒక గడుసుపిల్ల, “వాడిపోయాయి పెద్దగారూ” అంది మూతి ముడుచుకుని.

“వాడిపోతాయని యెషయా ప్రవక్త ఎప్పుడో చెప్పాడమ్మా. నామీద చెప్పకు” అన్నారు.

ఆయన భార్యది పెదవేగి వైపు ఊరు. అక్కడ ఎర్రనేల. పుట్టింటి పెరటి చుట్టూ దడి బదులు మందారాలే ఉండేవని నాతో చాలాసార్లు చెప్పేది. పెళ్లయి ఈ వైపుకి వచ్చాక ఆవిడ పాతినదేదీ బతకలేదు. ఇంటి వెనకంతా రొయ్యల చెరువులు. బోరు వేస్తే ఉప్పునీళ్లు. నిమ్మ వేసింది, జామ వేసింది, మందారం వేసింది. అన్నీ ఆకుల అంచులు మాడి, కొమ్మలు ఎండి, పోయాయి. “ఈ నేలకి చేపలు తప్ప ఏవీ రుచించవండీ” అని నవ్వేది. కొన్నాళ్లకి వెయ్యడం మానేసింది.

తర్వాత ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి. మాట కూడా పోయింది. ఆవిడకి మిగిలిన మాట ఒక్కటే, “ఏవండీ.” అన్నం కావాలన్నా ఏవండీ, ఒళ్లు తిప్పి పడుకోబెట్టమన్నా ఏవండీ, ప్రార్థనకి ఆమెన్ అనాల్సిన చోట కూడా ఏవండీ. ఏ ఏవండీకి ఏమిటి అర్థమో ఆయనకు తెలుసు. మేం అడగకుండానే, “మంచినీళ్లు అడుగుతోంది”, “మీరు చిక్కిపోయారంటోందమ్మగారూ” అని చెప్పేవారు. రెండోది ఆయన కల్పించారేమోనని నా అనుమానం. కానీ ఆవిడ తలూపేది.

స్త్రీల సమాజం తరఫున ప్రతి శుక్రవారం పొద్దున్న మేం నలుగురం ఆ ఇంటికి వెళ్లేవాళ్లం. ఒకరు పక్కదుప్పట్లు మార్చేవారు, ఒకరు తల దువ్వి జడ వేసేవారు. తర్వాత పాట, ప్రార్థన. జడ వేసేది మా సంఘంలో రెండో పెద్ద అయిన మేతకొట్టు ఆయన భార్య. మెత్తటి చెయ్యి, అసలు నోరు విప్పని మనిషి.

ఒక శుక్రవారం మేమక్కడ ఉండగా వీధిలోకి కడియం మొక్కల వ్యాను వచ్చింది. తలుపు తీసే ఉంది. వ్యాను మీద ఎర్ర మందారం ఒకటి పూసి ఊగుతోంది. ఆవిడ ఎడమచెయ్యి పైకెత్తి, “ఏవండీ” అంది.

ఆ ఏవండీకి అర్థం చెప్పే పని పడలేదు. ఆయన అప్పటికే వీధిలో ఉన్నారు.

వ్యానులో పూసిన ఆ పువ్వు మర్నాటికే రాలిపోయింది. ఆ తర్వాత ఆ మొక్క మొండికేసింది. ఆయన అంతకన్న మొండి. “అమ్మగారూ, నడవడం, మాట్లాడ్డం అవన్నీ ఆయన చేతిలో పని” అని పైకి చూపించి, “ఈ మంచం మీదినుంచి ఈవిడ మందారం పూయడం చూడాలి. ఇది నా చేతిలో పని. చేసి తీరతాను” అన్నారు.

పెరట్లో పెడితే ఉప్పు చంపేస్తుంది. పెట్టినా ఆవిడకి కనబడదు. అందుకని మొక్క ఇంట్లోనే పెరగాలి. మట్టికుండీ అయితే జరపడం కష్టమని చేపలు సర్దే పెద్ద థర్మాకోల్ పెట్టె తెచ్చి, అడుగున కన్నాలు పెట్టి, అందులో నాటారు. మొదట కిటికీ దగ్గర పెట్టారు. కిటికీకి ఎదురుగా ఎవరిదో గోడౌను గోడ, ఎండ రాదు. మొక్క కాస్త వెలుగు కోసం మెడ సాచినట్టు సన్నగా సాగిపోయింది. దాంతో తూర్పు గుమ్మం తలుపులు రెండూ ఊడదీయించి, ఇనప గ్రిల్లు పెట్టించి, దాని ముందుకి పెట్టె జరిపారు. తర్వాత ఆవిడ మంచాన్ని కూడా అటు తిప్పారు. “మొక్క ఎండవైపు, మనిషి మొక్కవైపు. ఇప్పుడు లెక్క సరిపోయింది” అన్నారు.

మొక్క ఉన్న గదిలో ఫ్యాను వెయ్యనిచ్చేవారు కాదు. నడివేసవిలో మేం పాటల పుస్తకాలతో విసురుకుంటూ పాడేవాళ్లం.

“మొక్కకి గాలి పడదండీ. తడారిపోయి మొగ్గ రాలుస్తుంది.”

“మాకిక్కడ చెమట పడుతోందండీ, పెద్దగారూ.”

“మీకు మొగ్గల్లేవు కదండీ” అనేవారు. ఆవిడ మంచం మీద ఒక పక్క పెదవితోనే నవ్వేది. ఆవిడ చెమట మాత్రం విసనకర్రతో ఆయనే ఆర్చేవారు.

పొద్దున్నే ఆకుల్ని ఒక్కొక్కటే తడిగుడ్డతో తుడిచేవారు. ఇంట్లో పెరిగే మొక్కకి వాన కడిగిపెట్టదు కదా, దుమ్ము మనమే తియ్యాలి. కణుపుల్లో తెల్లగా పిండినల్లి చేరేది. దాన్ని ఆయన, బైబిల్లో మాటిమాటికీ దండెత్తి వచ్చే శత్రువుల పేరుతో, ఫిలిష్తీయులు అనేవారు. “మళ్లీ దిగారమ్మగారూ ఫిలిష్తీయులు” అంటూ వేపనూనె కలిపిన సబ్బునీళ్లలో దూది ముంచి, గొణుగుతూ తుడిచేవారు. పాత కొమ్మకి మొగ్గ రాదు, కొత్త చిగురుకే వస్తుందని ఎవరో చెబితే కత్తెర తీసి సగానికి సగం కత్తిరించేశారు. ఆవిడ “ఏవండీ! ఏవండీ!” అని కేకలు పెడుతున్నా వినలేదు. “ఫలించాలంటే కత్తిరించాలని వాక్యముందే, నేను సొంతంగా చేస్తున్నానా?” అన్నారు.

అంజూరపు చెట్టు ఉపమానం ఆయనకు కంఠస్థం. కాపు లేదని కొట్టెయ్యమన్న యజమానితో, ఈ ఏడాదికి ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువేస్తాను అని బతిమాలుకున్న తోటమాలి ఆయనకు చుట్టం లాంటివాడు. ఆ తోటమాలి ఎరువేశాడు కనక ఈయనా వేశారు. చేపల మార్కెట్టులో ఉన్న మనిషికి ఎరువంటే ఏముంటుంది, చేపల పొట్టు, పేగులు. ఆ శుక్రవారం మేం కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని స్తుతిగీతం పాడాం. వీధిలో పిల్లులన్నీ గ్రిల్లు దగ్గర కూటం పెట్టాయి. ఆ రోజు ఆవిడకి ఇంకో మాట వచ్చింది. “ఛీ” అంది స్పష్టంగా.

“స్తోత్రం!” అని అరిచారాయన. “చూశారా, మాటొచ్చింది. ఎరువు పనిచేసింది!”

పేగులు మాత్రం అప్పటికప్పుడు తీయించేశాం.

మేతకొట్టు పెద్దగారు నెమ్మదైన మనిషి. దేనికైనా రెండు వైపులా చూసి మాట్లాడతారు. ఒకసారి వచ్చి, మొక్కని చూసి, గొంతు తగ్గించి, “మందారమంటే వాళ్ల పూజపువ్వు కదండీ. సంఘపెద్ద ఇంట్లో, హాల్లో...” అని నసిగారు.

“సృష్టిలో మూడో రోజున దేవుడు చెట్లని చేశాడా లేదా?”

“చేశాడండీ.”

“ఏ పువ్వు మీదైనా పేరు రాశాడా?”

“రాయలేదండీ.”

“మరి టీ తాగి వెళ్లండి.”

ఇంత చేసినా మొగ్గ నిలవలేదు. కత్తిరించాక చిగుళ్లు బాగానే వచ్చాయి. మినపగింజంత మొగ్గలు కూడా వేసింది. చిటికెనవేలి గోరంత అయ్యేసరికి పసుపుపచ్చగా మారి టప్పున రాలేవి. ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. ఆవిడ రాలిన మొగ్గలవైపు చూసేది, తర్వాత కళ్లు మూసుకునేది. ఆ సమయంలో ఆయన ముఖం చూడలేకపోయేవాళ్లం. అయినా నోరు మాత్రం తగ్గలేదు. ఎండ తప్పన్నారు, పెట్టె తప్పన్నారు, కడియం వాళ్లు ముసలి మొక్క అంటగట్టారన్నారు. నీళ్ల మీద మాత్రం ఆయనకు అనుమానం లేదు. ఎందుకంటే నీళ్ల విషయంలో తనంత జాగ్రత్తపడినవాడు జిల్లాలో లేడని ఆయన నమ్మకం.

“బోరు నీళ్లు చుక్క పొయ్యలేదమ్మగారూ. అవి ఉప్పు. కొట్లో ఐసు కరిగిన నీళ్లు బకెట్టుకి పట్టి, రోజంతా చల్లదనం పోనిచ్చి, అప్పుడు పోస్తున్నాను. ఐసంటే ఏమిటి? మంచినీళ్లు గడ్డకట్టినవి. అంతకంటె శుద్ధమైన నీళ్లు ఎక్కడున్నాయి చెప్పండి?”

మాకూ నిజమే అనిపించింది. ఐసు కొట్టు ఆయనది, మాకేం తెలుసు?

ఒక శుక్రవారం జడ వేయించుకుంటూ ఆవిడ ఎడమచెయ్యి మంచం పట్టె మీంచి కిందికి చాపింది. పెట్టె మంచానికి అందేంత దగ్గరలోనే ఉంది. మట్టి అంచున తెల్లగా ఏదో పేరుకుని ఉంది. దాన్ని వేలితో గీరి, ఆ వేలు నాలికకి రాసుకుంది. మేం కంగారుపడి చెయ్యి పట్టుకోబోయాం. ఆవిడ విదిలించుకుని, “ఏవండీ” అని పిలిచింది.

ఆయన దగ్గరికొచ్చి వంగారు. ఆవిడ మళ్లీ ఆ మట్టి మీద వేలు రాసి, తిన్నగా ఆయన నోట్లో పెట్టింది.

ఆయన ఆ రుచి చప్పరించారు. తర్వాత మంచం పట్టె మీద కూలబడ్డారు.

“ఉప్పు” అన్నారు.

అప్పుడు తట్టింది ఆయనకే. ఫ్యాక్టరీలో ఐసు దిమ్మ తయారయ్యేది ఉప్పునీటి తొట్టిలో. మంచినీళ్లు పోసిన రేకు డబ్బాల్ని ఆ ఉప్పునీళ్లలో దింపుతారు. దిమ్మ లోపల మంచినీరే, కానీ డబ్బా తీసేటప్పుడు అంటుకున్న ఉప్పంతా దిమ్మ పైనే ఉంటుంది. ముందుగా కరిగి బకెట్టులో పడేది ఆ పైపొరే. ఆపైన చేపలవాళ్లు కొట్లోనే ఐసులో ఉప్పు కలిపి పెట్టెలు సర్దుకుంటారు, ఆ నీళ్లూ అందులోకే. పుట్టినప్పటినుంచీ ఐసులో బతికిన మనిషి, ఉప్పునేల నుంచి కాపాడదామని మొక్కని ఇంట్లోకి తెచ్చి, రోజూ బకెట్టుతో ఉప్పు మోసుకొచ్చి పోశారు.

 ఆయన భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారనుకున్నాం. నవ్వు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వు.

“ఎలీషా ప్రవక్త ఉప్పు వేసి చెడ్డనీళ్లు బాగుచేశాడండీ. నేను ఉప్పు వేసి మంచి మొక్కని పాడుచేశాను. ప్రవక్తలు చేసే పనులు ఐసు కొట్టువాళ్లు చెయ్యకూడదు!” అన్నారు. భార్యవైపు తిరిగి, “నీకు ఎప్పట్నుంచి తెలుసే?” అని అడిగారు.

“ఏవండీ” అంది ఆవిడ, మెల్లిగా. ఆ ఒక్క ఏవండీకి మాత్రం ఆయన మాకు అర్థం చెప్పలేదు.

తర్వాత పనులు చకచకా జరిగాయి. తాగే నీళ్ల క్యానులు గుమ్మరించి మట్టిలో ఉప్పు కడిగేశారు. ఆవిడ తమ్ముడికి ఫోను చేస్తే పెదవేగి నుంచి ఒక బస్తా ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు తీసుకొచ్చాడు. మొక్కని ఆ మట్టిలోకి మార్చారు. ఆ మట్టి తెచ్చిన రోజున ఆవిడ గుప్పెడు అడిగి చేతిలో పట్టుకుని పడుకుంది. వాన పడితే డాబా నీళ్లు పట్టి దాచేవారు. వేలు మట్టిలో గుచ్చి చూసి, పైన పొడిగా ఉంటేనే నీళ్లు. అంతకుముందు బోల్డంత ప్రేమతో రోజుకు రెండుపూటలా పోసేవారు, అదీ మానేశారు. కొత్త ఆకులు నూనె రాసినట్టు మెరుస్తూ వచ్చాయి. ఒక మొగ్గ నిలబడింది. చిటికెనవేలంత అయింది. కొసన ఎరుపు తొంగిచూసింది.

గురువారం సాయంత్రం ఫోను. “అమ్మగారూ, రేపు పదింటికి కాదు, ఎనిమిదింటికల్లా వచ్చెయ్యండి. అందర్నీ తీసుకురండి.”

“రేపే పూస్తుందంటారా?”

“పూస్తుంది.”

పూసింది. మేం వెళ్లేసరికి గ్రిల్లులోంచి ఎండ వాలి ఉంది, ఆ ఎండలో అరచెయ్యంత ఎర్ర మందారం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లివారి ఇంటి పెద్దలా గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ పక్కకి ఒత్తిగిలి చూస్తోంది. చూస్తూనే ఉంది. మేతకొట్టు పెద్దగారి భార్య తల దువ్వి జడ వేసేసరికి ఆవిడ ఎడమచేత్తో పువ్వుని చూపించి, ఆ చేతినే తలమీద పెట్టుకుని, “ఏవండీ” అంది.

ఆయనకు అర్థం కాలేదని ఎవరూ అనుకోలేదు. ఆయన కూడా అర్థం కానట్టు నటించలేదు. కానీ, “చూడవే, ఎంత బాగుందో. చూడు” అన్నారు.

“ఏవండీ.” చెయ్యి తలమీదే ఉంది.

 మంచం మీద ఉన్నది మెట్లమీద కావలి నిలబడే మనిషి భార్య. ఆవిడ కూడా పెళ్లయిన నాటినుంచి ఆ కట్టుబాటు దాటలేదు. అందరూ నావైపు చూశారు. పాఠం చెప్పేదాన్ని నేను, కాపరి భార్యని నేను. ఆయన కూడా నావైపే చూసి, “ఏమంటారమ్మగారూ?” అని అడిగారు. ఆయన ఎవర్నైనా సలహా అడగడం అదే మొదటిసారి విన్నాను.

ఒక సంఘం మొత్తం పట్టుకున్న కట్టుబాటుని ఒక గదిలో నలుగురు ఆడవాళ్లు విప్పగలరా? ఆ పువ్వు వద్దని చెప్పే నోరు మాత్రం నాకు దేవుడు ఇవ్వలేదు. “ప్రార్థన చేసుకుందాం” అని కళ్లు మూసుకున్నాను. అందరూ మూసుకున్నారు. మేం కళ్లు తెరిచేలోపు ఆయన ఏం చేసినా మేం చూడనట్టే అవుతుందని నా ఆలోచన.

“కళ్లు తెరవండమ్మగారూ” అని ఆయన గొంతు వినబడింది. “చాటుగా చేసే పని కాదిది. తప్పయితే మీరందరూ చూస్తుండగా తప్పు చేస్తాను. ఒప్పయితే చూస్తుండగా ఒప్పు చేస్తాను.”

కళ్లు తెరిచాం. ఆయన పువ్వుని తొడిమతో తుంచి పట్టుకుని మంచం దగ్గర నిలబడ్డారు. నిలబడ్డారే కాని, తర్వాత ఏం చెయ్యాలో తెలీదు. చెవి దగ్గర పెడితే జారింది, జడ మొదట్లో పెడితే పడిపోయింది. “ఎలా పెడతారండీ దీన్ని?” అన్నారు దిక్కుతోచక. అప్పుడు మేతకొట్టు పెద్దగారి భార్య తన ముడిలోంచి ఒక పిన్ను లాగి ఆయన చేతిలో పెట్టింది.

ఆ చల్లటి చేతులు చెవి వెనక తగిలి కాబోలు, ఆవిడ చిన్నపిల్లలా మెడ ముడుచుకుంది. మేతకొట్టు పెద్దగారి భార్యే అద్దం తెచ్చి పట్టుకుంది. ఆవిడ అద్దంలో చూసుకుంది. నేను నా జీవితమంతా సాధువైన మనసు అనే నగ గురించి పాఠం చెప్పాను. అది ఒక ముఖం మీద ఎలా ఉంటుందో ఆ పూట చూశాను. దాని పక్కన పువ్వు ఉండటం వల్ల దానికి వచ్చిన లోటేమీ నాకు కనబడలేదు.

ముందే చెప్పేస్తాను, ఆవిడ ఆ తర్వాత నడవలేదు. మాటా రాలేదు. చాలాకాలం ఆ మంచం మీదే ఉండి ప్రభువు దగ్గరికి వెళ్లింది. పూసిన ప్రతి పువ్వునీ ఆయనే పెట్టేవారు, చెయ్యి కూడా బాగా తిరిగింది. కానీ ఆయన్ని తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ శుక్రవారం తర్వాత వచ్చిన ఆదివారం.

ఎవరి అనుభవం వాళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, ఎవరూ లేవకముందే ఆయన లేచారు.

“మొన్న శుక్రవారం నా భార్య తలలో నా చేత్తో పువ్వు పెట్టాను. ఇంకొకరు చెప్పి మీకు తెలియకూడదని నేనే చెబుతున్నాను. అలంకారం గురించి అపొస్తలులు రాసిన రెండు పత్రికలూ చదివి చూశానండీ. జడల సంగతుంది, బంగారం సంగతుంది, ముత్యాలు, ఖరీదైన బట్టల సంగతుంది. పువ్వు మాట నాకు దొరకలేదు. మీకెవరికైనా దొరికితే చూపించండి, దిద్దుకుంటాను. చూపించేదాకా పెడతాను.”

చర్చిలో గుసగుసలు లేచాయి. మేతకొట్టు పెద్దగారు నెమ్మదిగా నిలబడ్డారు. “మీ ఇంటి సంగతి వేరండీ, ఆవిడ పరిస్థితి వేరు. దేవుడికి తెలుసు. కానీ రేపు మా అమ్మాయిలు అడిగితే ఏం చెప్పాలండీ? పెద్దరికంలో ఉన్న మీరే ఇలా చేస్తే ఎలాగండీ?”

“పెద్దరికం మీరిచ్చారు, మీరే తీసుకోండి. అందుకు బాధపడను” అన్నారు ఐసు పెద్దగారు. “కానీ ఒక్క మాట అడుగుతాను చెప్పండి. మనలో ఎవరైనా పోతే ఏలూరు నుంచి దండలు తెప్పిస్తాం. పెట్టె కనబడకుండా పూలు కప్పుతాం. కదండీ? అయ్యగారు పక్కనే ఉంటారు, నేనూ ఉంటాను, మీరూ ఉంటారు. అప్పుడెవరమూ అడ్డు చెప్పం. ఆవిడకి నేను అప్పటిదాకా ఆగి పెట్టాలా? ఊపిరి ఉండగా పెట్టాను. అంతే నేను చేసింది.”

ఆయన కూర్చున్నారు. మేతకొట్టు పెద్దగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, కూర్చున్నారు. మావారు లేచి, “పెద్దగారి సాక్ష్యం విన్నాం. ఇందులో సంఘం విచారించాల్సిందేమీ నాకు కనబడలేదు. పాట పాడుకుందాం” అన్నారు. విచారణ ఎవరూ పెట్టలేదు, పెద్దరికం ఎవరూ తిరిగి ఇచ్చెయ్యమనలేదు. నేను సండేస్కూల్లో ఆ పాఠం ఇప్పటికీ చెబుతాను, లోపలి అలంకారం గురించి మునుపటికంటె గట్టిగా చెబుతాను. పూల మాట మాత్రం ఎత్తను.

ఆరాధన అయ్యాక జనం బయటికి వస్తున్నారు. ఐసు పెద్దగారు ఇంటికి వెళ్లే తొందరలో చెప్పులు వేసుకుంటున్నారు. మేతకొట్టు పెద్దగారి భార్య భర్త వెనకాలే నడుస్తూ నడుస్తూ, ఆయన సైకిలు తాళం తియ్యడానికి అటు వెళ్లగానే, ఇటు తిరిగి వచ్చింది. కొంగు సర్దుకుంది. ఆవిడ తనంతట తాను ఒక మగమనిషితో మాట్లాడటం నేను అప్పటిదాకా చూడలేదు.

“ఏవండీ పెద్దగారూ, కత్తిరించినప్పుడు ఒక కొమ్మ నాకివ్వరా?”

ఆయన చెప్పులు వదిలేసి నిటారుగా నిలబడ్డారు. చర్చి గుమ్మం దాకా వినబడే గొంతుతో, “తప్పకుండా ఇస్తానండీ! చూడ్డానికా, పెట్టుకోడానికా?” అని అడిగారు.

చుట్టూ ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. సైకిలు దగ్గర మేతకొట్టు పెద్దగారు కూడా తలెత్తారు. ఆవిడ తల వంచుకోలేదు.

“ముందు బతకనివ్వండి” అంది.